పడినవి అరవై ఒకటి, నిలిచినవి మూడు

జిల్లా భూదస్త్రాల పరిరక్షణ కార్యాలయంలో కిల్లి తవిటయ్య ఇరవై ఏడేళ్లుగా వైర్‌మ్యాన్. ఇన్నేళ్లలో అధికారులు అతన్ని పిలిచి మాట్లాడింది రెండే సందర్భాల్లో. కరెంటు పోయినప్పుడు ఒకటి, ఫ్యాను తిరగనప్పుడు ఒకటి. కరెంటు ఉన్నంతసేపూ తవిటయ్య అనే మనిషి ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. అతనికీ అదే హాయి. అందుకే ఆ సోమవారం పొద్దున్న, ఫ్యాన్లన్నీ బ్రహ్మాండంగా తిరుగుతూ ఉండగా, ఉపసంచాలకులు పరాంకుశం గారు పిలుస్తున్నారని కబురొచ్చేసరికి, ఎక్కడ ఏం కాలిందోనని అతను టెస్టరు జేబులో వేసుకుని పరుగెత్తాడు.

పరాంకుశం గారు మంచి మనిషే. కోపం తక్కువ, లంచం లేదు. ఉన్నదల్లా సర్క్యులర్ల మీద భక్తి. పైనుంచి కాగితం వస్తే ఆయన మొదట నిలబడి చదివేవారు, తర్వాత కూర్చుని చదివేవారు, ఆ తర్వాత ఎవరినైనా పిలిచి వినిపించేవారు. ఆ పూట వినే వంతు తవిటయ్యది.

"విద్యుత్ భద్రతా పక్షోత్సవములను పురస్కరించుకొని, రాష్ట్రమందలి సమస్త శాఖా కార్యాలయములలో గల ఎంసీబీలను పరీక్షించి, వాటి ఉత్తీర్ణతా శాతమును పదిహేను దినములలోగా నివేదించవలెను," అని చదివి, కళ్లజోడు మీదుగా చూశారు. "అర్థమైందా?"

"ఫ్యూజుల బదులు పెట్టిన ఆ ఎంసీబీలు బాగున్నాయో లేదో చూడమన్నారండి."

"చూడమనడం కాదయ్యా. పరీక్షించమన్నారు. ఉత్తీర్ణత అన్నారు. మన కార్యాలయం మాట నిలబడాలి."

తవిటయ్య బయటికొచ్చి, వరండాలో కాసేపు అలాగే నిలబడిపోయాడు. అతనికి నమ్మబుద్ధి కావడం లేదు. ఎంసీబీలను పరీక్ష చేయించండి, పాతబడ్డాయి అని అతను పదేళ్లుగా ఏడాదికో అర్జీ పెడుతూనే ఉన్నాడు. అవన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. ఇప్పుడు వాళ్లంతట వాళ్లే చెయ్యమంటున్నారు! ఆ సంతోషంలో టీ తాగడం కూడా మరిచిపోయి, సైకిలెక్కి పాలిటెక్నిక్ కాలేజీకి వెళ్లి, అక్కడి మేష్టార్ని బతిమాలి, పరీక్ష చేసే పెట్టె ఒకటి నాలుగు రోజులకి అరువు తెచ్చుకున్నాడు.

ఆ కార్యాలయంలో మొత్తం అరవై నాలుగు ఎంసీబీలున్నాయి. ఒక్కో గదికి ఒకటో రెండో. అన్నీ వరండా చివరనున్న పెద్ద ఇనప బోర్డులో వరసగా, ఒక్కొక్కటీ అగ్గిపెట్టెకంటె కొంచెం పెద్దగా, నల్ల పిడులతో ఉంటాయి. లెక్క రాసుకోడానికి సూపరింటెండెంట్ హైమవతి గారిని వేశారు. ఆవిడ వచ్చేసరికి తవిటయ్య పాతదొకటి విప్పి, లోపలి సామాను గుడ్డమీద పరిచి పెట్టాడు.

"ఏమిటి తవిటయ్యా ఇదంతా?"

"చూడండమ్మా. ఇదిగో, ఈ రేకుంది గదా, రెండు లోహాలు కలిపి అతికించినది. తీగ మోయగలిగినదానికంటె ఎక్కువ కరెంటు పారిందనుకోండి, ఇది వేడెక్కుతాది. ఒక లోహం ఎక్కువ సాగుతాది, రెండోది తక్కువ సాగుతాది. అందుకని రేకు వంగిపోయి ఈ గొళ్లేన్ని తోసేస్తాది. టప్‌మని పిడి పడిపోతాది. కరెంటు ఆగిపోతాది. తీగ కాలకుండా ఉంటాది."

"మరి ఈ తీగ చుట్ట?"

"అది షార్టయినప్పటికమ్మా. తీగా తీగా కలిసిపోతే, రేకు వేడెక్కేదాకా ఆగడానికి టైమేదీ? ఈ చుట్ట అయస్కాంతమైపోయి రెప్పపాటులో గొళ్లేన్ని లాగేస్తాది."

హైమవతి గారు ఆ రెండింటినీ మార్చి మార్చి చూశారు. "ఒకటి నిదానస్తుడు, ఒకటి ముక్కోపి. ఒకే ఇంట్లో కాపురం."

"అంతేనమ్మా. ఇద్దరి పనీ ఒకటే. సమయానికి పడిపోవడం."

పరీక్ష నాలుగు రోజులు పట్టింది. కరెంటు ఆపి, తీగ విప్పి, ముందు మీటరు పెట్టి చూసేవాడు: పిడి పైకుంటే కరెంటుకి దారి ఉండాలి, కిందికుంటే దారి ఉండకూడదు. ఆ తర్వాత పెట్టె తగిలించి, ఎంసీబీ మీద రాసున్నదానికి రెండున్నర రెట్లు కరెంటు పంపేవాడు. చేతిలో గడియారం. నిమిషం లోపల పడిపోవాలి. ఒకటో నంబరు ఇరవై రెండో సెకనుకి పడింది. తవిటయ్య దాన్ని బుజ్జగించినట్టు వేలితో తట్టాడు. రెండోది ముప్ఫై ఒకటికి పడింది. అలా అరవై ఒకటి పడ్డాయి. పాతవని అనుమానపడ్డవి కూడా చక్కగా పడ్డాయి. వరండాది, సమావేశ మందిరానిది, స్నానాల గదిది మాత్రం పడలేదు. నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. పొగ వాసన వచ్చేసరికి తనే ఆపేశాడు.

రిపోర్టులో రెండు వరసలు గీశాడు. "పడింది" అన్నచోట అరవై ఒకటి, "పడలేదు" అన్నచోట మూడు. అడుగున రాశాడు: "పడని మూడూ పనికిరావు. వెంటనే మార్చాలి."

హైమవతి గారు దాన్ని ప్రధాన కార్యాలయం పంపిన ఫారంలోకి ఎక్కించబోయారు. ఫారంలో రెండే గడులున్నాయి. ఉత్తీర్ణం, అనుత్తీర్ణం. ఆవిడ ఫారం పట్టుకుని పరాంకుశం గారి దగ్గరికి వెళ్లారు.

"పడిపోయినవి ఎన్ని?" అన్నారాయన.

"అరవై ఒకటి సార్. కానీ..."

"అరవై ఒకటా!" ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "పడిపోనివి?"

"మూడు సార్. పడితేనే మంచివట. తవిటయ్య చెప్పాడు."

"హైమవతి గారూ, నేను ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎన్నో శాఖాపరమైన పరీక్షలు రాశాను. పడిపోయినవాణ్ణి ఉత్తీర్ణుడని ప్రకటించే సంప్రదాయం ఏ శాఖలో చూశారు మీరు? పరీక్షలో పడిపోయాడంటే ఏమిటర్థం?"

"తప్పాడని సార్."

"ఫారంలో తవిటయ్య అభిప్రాయానికి గడి ఉందా?"

"లేదు సార్."

ఉత్తీర్ణత నాలుగు పాయింటు ఆరు తొమ్మిది శాతం అని ఫారం వెళ్లిపోయింది.

తర్వాతి బుధవారం వీడియో సమావేశం. తక్కిన జిల్లాలన్నీ తొంభై పైన ఉన్నాయి. ఎందుకంటే వాళ్లెవరూ పరీక్ష పెట్టలేదు, గడులు నింపారంతే. మనవాళ్లది అట్టడుగు. తెరమీద అదనపు కమిషనర్ గారు "మీ జిల్లాలో ఎంసీబీలు ఇంత బలహీనంగా ఉండుటకు హేతువేమి?" అని అడిగారు. "వాతావరణమా? పర్యవేక్షణా లోపమా?"

"పర్యవేక్షణను పటిష్ఠం చేస్తాము సార్," అన్నారు పరాంకుశం గారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడే అరవై ఒక్క మెమోలు తయారయ్యాయి. "విధి నిర్వహణలో ఉండి పడిపోయిన కారణముగా మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను" అని ఒక్కొక్క ఎంసీబీకి నంబరు వారీగా, "వైర్‌మ్యాన్ ద్వారా". తవిటయ్య అరవై ఒక్క చోట్ల అందినట్టు సంతకం పెట్టాడు. మెమో వస్తే జవాబివ్వకుండా ఉండడం అతనికి తెలియదు. రెండు రోజులు కూర్చుని అన్నింటి తరఫునా రాశాడు. అన్నీ నిజాలే రాశాడు. పదిహేడో నంబరు జవాబు ఇలా ఉంది: "మోయవలసిన బరువుకు రెండున్నర రెట్లు మోపినందున వేడెక్కి, వంగి, ముప్ఫై నాలుగో సెకనున పడిపోతిని. మోపక ముందు బాగానే ఉంటిని. ఇకమీదట మోపినను ఇట్లే చేయుదును."

"ధిక్కారం," అన్నారు పరాంకుశం గారు, ఆ చివరి వాక్యం కింద ఎర్ర గీత గీస్తూ.

అయినా ఆయన మానవతావాది. శిక్షకు ముందు శిక్షణ ఇవ్వాలన్నారు. విశాఖపట్నం నుంచి వ్యక్తిత్వ వికాస నిపుణుడొకాయన్ని పిలిపించారు. ఆయన వరండాలో నిలబడి "ఒత్తిడిని జయించడం ఎలా" అన్న అంశం మీద గంటన్నర మాట్లాడాడు. సిబ్బంది అంతా కుర్చీల్లో కూర్చున్నారు. బోర్డు తలుపులు బార్లా తీసి ఉంచారు. "కుంగిపోకండి, వంగిపోకండి!" అని ఆయన పిడికిలి బిగించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఉపన్యాసం అయ్యాక తవిటయ్యని ఆ పెట్టె ఇంకోసారి అరువు తెచ్చి, మళ్లీ పరీక్ష పెట్టమన్నారు. అరవై ఒకటీ మళ్లీ పడ్డాయి. కొన్ని రెండు సెకన్లు ముందే పడ్డాయి.

నిలిచిన మూడింటికి మాత్రం మంచి రోజులొచ్చాయి. వాటికి ప్రశంసాపత్రాలు రాయించి, అద్దాల ఫ్రేములు కట్టించారు. మూడింట్లోనూ సీనియరు ముప్ఫై మూడో నంబరు, అంటే సమావేశ మందిరానిది. పద్దెనిమిదేళ్లుగా ఒక్కసారి కూడా పడలేదని రికార్డుంది. దానికి బంతిపూల దండ వేసి, పక్కన నిలబడి పరాంకుశం గారు ఫొటో దిగారు.

తవిటయ్య ఉండబట్టలేకపోయాడు. "బాబూ, ఒక్కమాటండి. ఇది బతికున్నది కాదండి. లోపల అతుక్కుపోయింది. శవమండి ఇది. శవమెక్కడైనా పడిపోతాదేటండి?"

ఫొటో తీసే ఆయన నవ్వాడు. పరాంకుశం గారు నవ్వలేదు. "తవిటయ్యా, నీలో ప్రతికూల దృక్పథం ప్రబలుతోంది. పడిపోయినవాళ్ల వెనక తిరిగి తిరిగి నీకూ అదే అలవాటైంది," అన్నారు జాలిగా.

శిక్షణా ఫలించలేదు గనక అరవై ఒకటినీ తొలగించాలని, వాటి స్థానంలో "పడిపోని స్వభావము గలవి" తేవాలని నిర్ణయమైంది. ఆ భారం స్టోర్‌కీపర్ దైవాధీనం మీద పడింది. దైవాధీనం ఏ పని చెప్పినా ఎందుకని అడగని మనిషి. అతను పెద్దబజారులో ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్లి, "పడనివి కావాలి" అన్నాడు.

దుకాణదారు రెండుసార్లు అడిగి, మూడోసారి ఆలోచించి, "ఐసొలేటర్లు కావాలేమో మీకు," అని ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "చూడ్డానికి అచ్చం ఎంసీబీలాగే ఉంటుంది. కానీ మనం చేత్తో దించితే తప్ప దిగదు. వట్టి స్విచ్చి. లోపల రేకూ లేదు, చుట్టా లేదు. ఎంత కరెంటు పోయినా దీనికేం పట్టదు. రక్షణకి మాత్రం వేరే ఎంసీబీ పెట్టుకోవాలి సుమండీ."

చివరి ముక్క దైవాధీనం వినలేదు. అప్పటికే అతను సంతోషంగా ఫోను తీశాడు.

సాయంత్రం పరాంకుశం గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "అయితే, లోపల ఏమీ లేకపోవడమే దీని ప్రత్యేకత అంటావు."

"అవును సార్."

"ఎంత ఒత్తిడి వచ్చినా స్పందన ఉండదు."

"అసలుండదు సార్."

"అద్భుతం," అన్నారాయన. "ఇన్నాళ్లూ మన శాఖకు ఇది ఎందుకు తట్టలేదో!"

మార్చే పని తవిటయ్యదే. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, కంచం ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. భార్య పైడమ్మ పప్పు వడ్డించబోయి ఆగింది.

"ఏటయింది? ఎవలేనా తిట్టేరేటి?"

అతను జరిగిందంతా చెప్పాడు. పైడమ్మ ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. ఆవిడ అంతా విని, "అయితే రేపట్నించి ఏ గదిలో మంటలొచ్చినా చెప్పేది ఉండదన్నమాట," అంది.

"ఉండదు."

"కాయితాల గదిలో కూడానా?"

తవిటయ్య చెయ్యి ఆగిపోయింది. దస్త్రాల గది అంటే జిల్లాలోని పదకొండు వందల ఊళ్ల భూముల కాగితాలు. ఏ పొలం చెక్క ఎవరిదో, ఎవరు ఎవరికి రాసిచ్చారో, నూరేళ్ల నాటి నుంచి గుడ్డమూటల్లో నేల నుంచి కప్పుదాకా ఉన్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించడం ఆరేళ్లుగా "పురోగతిలో" ఉంది.

"చెప్పిన పని చెయ్యకపోతే ఉజ్జోగం పోతాదే," అన్నాడు.

"చెయ్యొద్దన్నానా? అరవై మార్చు. ఒక్కటి వదిలెయ్. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయన్నావు కదా," అని ఆవిడ పప్పు వడ్డించింది.

అతను అరవై మార్చాడు. దస్త్రాల గదిది, నలభయ్యో నంబరు, ముట్టుకోలేదు. పరీక్ష మళ్లీ పెట్టి రిపోర్టు రాసేటప్పుడు పాత మూడింటితో కలిపి అరవై మూడు చోట్ల "పడలేదు" అని నిజమే రాశాడు. నలభై ఎదురుగా కూడా "పడలేదు" అని రాయాల్సొచ్చింది. ఇరవై ఏడేళ్లలో కాగితం మీద అబద్ధం రాయడం అదే మొదలు. అక్షరాలు వంకరపోయాయి. కొత్తగా రాయడం నేర్చుకునేవాడి రాతలా ఉంది. సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టడం మరిచిపోయి జేబులో పెట్టుకుంటే చొక్కాకి సిరా అంటింది.

నూటికి నూరు! రాష్ట్రంలో మరే జిల్లాకీ రాలేదు. ప్రధాన కార్యాలయం పొంగిపోయింది. "నిరంతరాయ ఆదర్శ కార్యాలయం" అని బిరుదిచ్చింది. ఇవ్వడానికి అదనపు కమిషనర్ గారే స్వయంగా శుక్రవారం పదకొండు గంటలకి వేంచేస్తున్నారన్నారు.

మే నెల. ఎండ నిప్పులు చెరుగుతోంది. సమావేశ మందిరంలో వేదిక కట్టి, వెనక గోడంతా కప్పేలా ఫ్లెక్సీ కట్టారు. నాలుగు పెద్ద కూలర్లు, వేదిక మీద దీపాలు, మైకు పెట్టెలు, కాఫీ మరిగించే డ్రమ్ము, పునుగుల కోసం రెండు కరెంటు పొయ్యిలు. మందిరంలో ప్లగ్గులు చాలక, డెకరేషన్ మనిషి కిటికీలోంచి పక్కనున్న దస్త్రాల గదిలోకి తీగ వేసి, మైకునీ దీపాలనీ రెండు కూలర్లనీ ఒక పొయ్యినీ అక్కడ తగిలించాడు. తవిటయ్య వద్దని మొత్తుకున్నాడు.

"ఏం పరవాలేదన్నా. మీ ఆఫీసులో పడవంట కదా," అన్నాడతను.

పదకొండుంబావుకి పరాంకుశం గారు మైకు ముందుకొచ్చారు. "సభాధ్యక్షులకు, అదనపు కమిషనర్ వర్యులకు నమస్కారములు. మిత్రులారా! నేడు మా కార్యాలయ నిఘంటువులో అంతరాయమను పదమునకే..."

మైకు ఆగిపోయింది. దీపాలారిపోయాయి. రెండు కూలర్లు మూలిగి నిలిచిపోయాయి.

పరాంకుశం గారు వేదిక దిగి, తాపీగా నడుస్తున్నట్టు కనిపిస్తూ పరుగెత్తి, వరండాలో బోర్డు దగ్గరికి చేరారు. వెనకాలే దైవాధీనం, హైమవతి గారు. తవిటయ్య అప్పటికే అక్కడున్నాడు. అరవై మూడు పిడులు పైకి నిటారుగా ఉన్నాయి. ఒక్కటి కిందికి వాలి ఉంది.

"ఎవరిది?" అన్నారు పరాంకుశం గారు, ఎవరో తల దించుకుని నిలబడ్డట్టు దానికేసి చూస్తూ.

"నలభయ్యో నంబరండి. దస్త్రాల గది."

"ఉత్తీర్ణమైనదే కదా?"

తవిటయ్య బోర్డు తలుపు ఇంకాస్త బార్లా తెరిచాడు.

"ఎత్తు."

"ముందు ఆ కూలర్లూ పొయ్యీ తీయించండి బాబూ. వెంటనే ఎత్తుతాను. ఆ తీగ అంత మొయ్యలేదండి. అందుకే పడింది."

"దైవాధీనం, నువ్వెత్తు."

దైవాధీనం ఎత్తాడు. నిలవలేదు. రెండు నిమిషాలాగి మళ్లీ ఎత్తితే నిలిచింది. లోపల్నుంచి మైకు కీచుమంది, జనం హమ్మయ్య అన్నారు. అర నిమిషంలో మళ్లీ పడింది.

"ఎత్తి పట్టుకో! వదలకు," అన్నారు పరాంకుశం గారు.

మళ్లీ కాసేపాగి ఎత్తి, దైవాధీనం రెండు బొటనవేళ్లతో పిడిని పైకి అదిమి పట్టాడు. నుదుటి మీద చెమట కారుతోంది. కాసేపటికి లోపల టిక్కుమంది. పిడి కదల్లేదు, పైనే ఉంది. మందిరంలో దీపాలు మాత్రం ఆరిపోయాయి.

"పట్టుకునే ఉన్నాను సార్!"

"మరి కరెంటేదయ్యా?"

"అలా పట్టుకున్నా ఆగదండి," అన్నాడు తవిటయ్య. "పిడి మీ చేతిలో ఉన్నా లోపల పడిపోతాది. అలాగే చేసేరు దాన్ని. ఎప్పటికైనా ఎవలో ఒకలు ఇలా పట్టుకుంటారని చేసినోళ్లకి తెలుసండి."

హైమవతి గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగారు.

ఈలోగా డెకరేషన్ మనిషి తెలివైనవాడు గనక, దస్త్రాల గదిలోని తీగ పీకేసి, అన్నీ తెచ్చి మందిరంలోని ప్లగ్గులకే కలిపేశాడు. వెలుగొచ్చింది, మైకొచ్చింది, నాలుగు కూలర్లూ తిరిగాయి. ముప్ఫై మూడో నంబరు చెక్కు చెదరలేదు. పరాంకుశం గారి ముఖం విప్పారింది. వేదికెక్కి, "చూశారా! ఒకరు పడిపోయినా ఒకరు ఆదుకున్నారు. పద్దెనిమిదేళ్లుగా పడని ఆ ముప్ఫై మూడును మనమందరం ఆదర్శముగా..." అంటూ అందుకున్నారు. చప్పట్లు మోగాయి.

తవిటయ్య మందిరం వెనకవైపు గోడకి చేరి, తీగలు పోయే గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కాలుతోంది. కాలిన ప్లాస్టిక్ వాసన పునుగుల వాసనలో కలిసి వస్తోంది. "అందరూ బయటికి రండి! లెగండి! బయటికి!" అని అరిచాడు. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి, "ష్" అన్నారు.

అతను వరండాలోకి పరుగెత్తి, ఎవరినీ అడక్కుండా, బిల్డింగు మొత్తానికి ఉన్న మెయిన్ పిడి పట్టుకుని కిందికి లాగేశాడు.

కరెంటు పోయింది గాని మంట అప్పటికే అంటుకుంది. ఫ్లెక్సీ వెనక గొట్టం కరిగి, దాని మీది పరాంకుశం గారి నిలువెత్తు బొమ్మ పాదాల దగ్గర్నుంచి పైకి మండింది. షామియానా గుడ్డలు అందుకున్నాయి. జనం కుర్చీలు తన్నుకుంటూ బయటపడ్డారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అదనపు కమిషనర్ గారి ఎడమ చెప్పు ఒకటి పోయింది. ఫైరింజను వచ్చేసరికి మందిరం, దాని కప్పు, అవతల ఉన్న స్టోరు కాలిపోయాయి. దస్త్రాల గదికీ మందిరానికీ మధ్య ఒకే ఒక్క గోడ. గోడ నల్లబడింది. లోపల కాగితం ఒక్కటి కాలలేదు. పునుగుల పొయ్యీ కూలర్లూ ఆ గది తీగ మీదే ఇంకో పావుగంట నడిచుంటే, మంట ఆ మూటల మధ్యనుంచే లేచేది. ఈ సంగతి తవిటయ్యకి తెలుసు, హైమవతి గారికి తెలుసు.

ముగ్గురు సభ్యుల విచారణ సంఘం మూడు రోజుల్లో వచ్చింది. బూడిదలో తిరిగి, బోర్డు తెరిపించి, ఫొటోలు తీసి, నివేదిక ఇచ్చింది. "అగ్నికీలల మధ్య సైతము అరవై మూడు పరికరములు తమ స్థానములను వీడక తుదివరకు నిలిచియుండుట సంఘము గమనించి హర్షించినది. నలభయ్యవ సంఖ్య గల పరికరము మాత్రము అగ్నిప్రమాదమునకు పూర్వమే, ప్రముఖులు ప్రసంగించుచుండగా, విధిని విడిచి పడిపోయినది. తదుపరి గందరగోళమునకు ఇదియే నాంది."

దాంతో తవిటయ్యకి అభియోగపత్రం తయారైంది. పడే ఎంసీబీని పడనిదని తప్పుడు నివేదిక ఇచ్చుట. ఉత్తర్వులకు విరుద్ధముగా దానిని కొనసాగించుట. పై అధికారుల అనుమతి లేక మెయిన్ ఆపుట. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. పరాంకుశం గారికి మాత్రం, ఆపత్సమయంలో నిబ్బరం చూపినందుకు, ప్రధాన కార్యాలయానికి బదిలీ అయింది. ఇక మీదట సర్క్యులర్లు ఆయనే రాస్తారు.

కాగితం హైమవతి గారే తెచ్చిచ్చారు. టైపు చేసింది కూడా ఆవిడే. "మొదటి ఆరోపణ నిజమే కదా తవిటయ్యా," అన్నారు మెల్లగా.

"నిజమేనమ్మా. మూడూ నిజమే."

"విచారణకి నేను సాక్షిగా వస్తాను. పిలవకపోయినా వచ్చి కూర్చుంటాను."

తవిటయ్య తలూపాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర ఏదో గోల వినిపించింది. ఎనభై ఏళ్ల ముసలమ్మ ఒకావిడ వాచ్‌మన్‌తో గొడవ పడుతోంది. కొండ కిందున్న ఏదో ఊరట. తండ్రి ఇచ్చిన ఎకరంబాతిక చెక్క తమదంటూ పక్కవాళ్లు కోర్టుకెక్కారు. ఎల్లుండి వాయిదా. ఆఫీసు తగలబడిపోయిందని బస్సులో విని, దారి పొడుగునా ఏడుస్తూ వచ్చింది. తవిటయ్య ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని దస్త్రాల గదికి తీసుకెళ్లాడు. బిల్డింగుకి కరెంటు ఇంకా ఇవ్వలేదు. గుమస్తా నిచ్చెనెక్కితే తవిటయ్య కింద నిలబడి టార్చి పట్టాడు. అరగంట వెతికితే ఆ ఊరి మూట దొరికింది. గుమస్తా ముడి విప్పి, పసుపుపచ్చబడ్డ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, ఒకదాని మీద వేలు పెట్టి ఆగాడు.

"ఇదేనమ్మా."

ముసలమ్మ వంగి చూసింది. కాగితం అంచుని వేలితో తడిమింది. మసి అంటుతుందేమోనని వేలు తిప్పి చూసుకుంది. ఏమీ అంటలేదు.

"నాకు సదువు రాదు బాబూ. మా అయ్య పేరుందేటి? సదువు."

తవిటయ్య టార్చి దగ్గరికి తెచ్చి చదివాడు. "జన్ని సింహాచలం, తండ్రి పేరు గౌరయ్య. మెట్ట భూమి, ఎకరా పాతిక సెంట్లు."

ముసలమ్మ కళ్లు మూసుకుంది.

"ఇంకోపాలి సదువు బాబూ."

తవిటయ్య ఈసారి కొంచెం గట్టిగా చదివాడు.